నాగన్న అని పెట్టు

కమలాపురం బస్టాండు పక్కన జిరాక్సు షాపులో ఆ సోమవారం పొద్దున మిషను ఇంకా వేడెక్కలేదు. ఆధార్ కార్డు పట్టుకుని ఒక పెద్దాయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. దిల్షాద్ ఆయనకు స్టూలు జరిపి, మిషను తయారయ్యేలోగా కంప్యూటర్లో తన బ్లాగు తెరిచింది. షట్టరెత్తగానే రోజూ చేసే పనే అది. ముందురోజు నుంచి ఎంతమంది చదివారో ఒక మూల అంకె కనిపిస్తుంది. పదో పన్నెండో ఉంటుంది. అందులో సగం ఆమె, ఆమె భర్త అయాజ్ చూసుకున్నవే. ఆ పొద్దున అది నాలుగు వేలు దాటి ఉంది.

కళ్లజోడు తీసి పైట కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. చూస్తుండగానే ఇంకా పెరిగింది.

"అయాజ్, ఇట్లరా" అని పిలిచింది. షాపు ముందుభాగంలో సెల్‌ఫోన్లు బాగుచేసే అయాజ్, చేతిలో ఊడదీసిన ఫోను అట్లాగే పట్టుకుని వచ్చి, ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. చూసి, వెళ్లి పెద్దాయన ఆధార్ కార్డు తనే జిరాక్సు తీసి పంపించాడు.

బ్లాగు పేరు "బస్టాండు పక్కన". షాపులో కూర్చుంటే కనిపించే మనుషుల గురించి దిల్షాద్ వారానికొకటి రాస్తుంది. రాయడం ఆమెకు కష్టం కాలేదు. చదివేవాళ్లను తెచ్చుకోవడమే చేతకాలేదు. ఎవరెవరో చెప్పిన ఉపాయాలన్నీ చేసింది. ఇతరుల బ్లాగులు చదివి, నచ్చిన చోట నాలుగు మాటలు రాసి, కింద తన చిరునామా పెట్టింది. ఆలూరులో వానల గురించి రాసే ఒక టీచరు, ప్రొద్దుటూరు వంటల గురించి రాసే ఒకావిడ, పాత బస్సుల ఫోటోలు పెట్టే ఒక కర్నూలు అతను ఆమె లింకును తమ పేజీల్లో పెట్టుకున్నారు. ఆమె వాళ్లవి పెట్టుకుంది. తను అచ్చువేసే పెళ్లిపత్రికల అడుగున చీమతలకాయంత అక్షరాలతో బ్లాగు చిరునామా కూడా వేసింది. ఇదేందని ఒక పెళ్లికొడుకు తండ్రి అడిగితే, ప్రెస్సు రిజిస్టరు నంబరని అయాజ్ సర్దిచెప్పాడు.

ఇవన్నీ ఎన్ని చేసినా పెద్ద సైటు నుంచి ఒక్క లింకు వస్తే దానికి సాటిరావని అందరూ అనే మాట. అందుకని "వీధిగుమ్మం" అనే హైదరాబాదు వెబ్ పత్రికకు, తను బ్లాగులో రాసినవాటిలో తనకు బాగా నచ్చినదాన్ని పంపింది. వాళ్లు వేసుకుంటే చివర్లో రాసినవాళ్ల బ్లాగుకు లింకు ఇస్తారు.

వేసుకున్నారు. ఆ నాలుగు వేలమందీ అక్కడినుంచే వచ్చారు. దిల్షాద్ ఆ పేజీ తెరిచింది.

పైన ఒక బొమ్మ. వరసగా పేర్చిన వేటకొడవళ్లు, వాటి పక్కన నాటుబాంబులు. దాని కింద ఇంత లావు అక్షరాలతో, "బాంబుల గడ్డ మీద ఒక విధవరాలి దోసెల బండి."

ఆమె మొదట తన వ్యాసం కాదేమో, వేరే దాంట్లోకి వచ్చానేమో అనుకుంది. కింద తన పేరుంది. చదవడం మొదలుపెట్టింది.

అది గిడ్డమ్మ గురించి రాసింది. షాపుకు ఎదురుగా, రోడ్డవతల, తోపుడుబండి మీద కారం దోసెలు పోసే గిడ్డమ్మ. ఎనిమిదేళ్ల కిందట ఆమె మొగుడు ఊరి పడమట ఉన్న కంకర క్వారీలో చనిపోయాడు. గుట్టకు బొక్కలేసే డ్రిల్లు పట్టేవాడు. ముందురోజు పేలుడు మందు పెట్టిన బొక్కల్లో ఒకటి పేలకుండా ఉండిపోతే, దాని పక్కనే డ్రిల్లు వేయమన్నారు. వేశాడు. క్వారీవాళ్లు మాత్రం అతను మా గుట్ట మీద పోలేదు, చేపలు పట్టడానికి మందు దొంగిలించి తీసుకుపోతుంటే కంచె బయట పేలిపోయాడు అన్నారు. కాగితాల్లో ఈరోజుకీ అదే ఉంది. గిడ్డమ్మకు ఇబ్బంది రాకూడదని దిల్షాద్ ఆమె పేరు రాయలేదు. "ఒక అక్క" అని మాత్రమే రాసింది.

వీధిగుమ్మంలో క్వారీ లేదు. డ్రిల్లు లేదు. "బాంబు పేలుడులో భర్తను పోగొట్టుకుని" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. దిల్షాద్ రాసిన వాక్యాలను దిద్ది, ఎవరి నోట్లో నుంచి వచ్చినవో తెలియకుండా చేశారు. ఆమె యాస అంతా తీసేశారు, ఒక్కచోట తప్ప. గిడ్డమ్మ ఎన్నడూ అనని మాటలు కొన్ని ఆమె నోట్లో పెట్టి, వాటికి మాత్రం సీమ యాస తగిలించారు. ఆ యాస కూడా సినిమాల్లో రౌడీలు మాట్లాడే యాస.

కింద వందల కామెంట్లు. సీమ పౌరుషం అని ఒకరు. ఏ వర్గం వాళ్లు చంపారో కూడా రాసి ఉంటే బాగుండేదని ఇంకొకరు.

దిల్షాద్ కామెంట్లు చదవడం ఆపి తలెత్తింది. ఎదురుగా రోడ్డవతల గిడ్డమ్మ ఎప్పటిలాగే పెనం మీద నీళ్లు చల్లి, ఉల్లిగడ్డ ముక్కతో రుద్ది, పిండి పోసి గరిటె అడుగుతో తిప్పుతోంది. దోసె మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, మడిచి అట్లకాడతో తీసింది. బండి చుట్టూ నిలబడినవాళ్లలో ఒకడు ఎడంచేత్తో ఫోను పట్టుకుని, కుడిచేత్తో తింటూ, ఏదో చదివి వినిపిస్తున్నాడు. మిగతావాళ్లు తినడం ఆపి గిడ్డమ్మ వైపు చూశారు. గిడ్డమ్మ చెయ్యి పెనం మీదే ఆగిపోయింది. ఆ దోసె మాడి పొగ వచ్చేదాకా ఆమె కదల్లేదు.

తర్వాత స్టవ్వు కట్టేసి, రోడ్డు దాటి నేరుగా షాపులోకి వచ్చింది. చేతిలో అట్లకాడ అట్లాగే ఉంది.

"నా మొగుడు బాంబులేసినోడంట గదా" అంది.

దిల్షాద్ లేచి నిలబడింది. తను అట్ల రాయలేదని, వాళ్లు మార్చేశారని చెప్పబోయింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఎవురు వాళ్లు?"

"హైదరాబాదోళ్లక్కా."

"నాకు హైదరాబాదోళ్లు తెల్దు. నాకు నువ్వు తెలుసు." గిడ్డమ్మ గొంతు పెంచలేదు. "నేను నా బాధ నీకు జెప్పుకున్యా. వాళ్లకు జెప్పలే. నువ్వే గదా పోయి వాళ్ల చేతుల్లో పెట్టింది?"

 గిడ్డమ్మ తిరిగి రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఆ రోజు ఇంక బండి దగ్గర స్టవ్వు వెలగలేదు. మిగిలిన పిండి గిన్నెకు మూతపెట్టి, బండిని తోసుకుంటూ ఇంటికి పోతుంటే, ఆమె వీపు వైపు చూస్తూ దిల్షాద్ కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది. అంకె ఆరువేలు దాటింది. దాన్ని చూస్తే ఒళ్లు మండింది.

మరుసటిరోజు పదకొండు గంటలప్పుడు కేశవయ్య వచ్చాడు. క్వారీలో మేనేజరు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ వక్క. కాగితాల పని ఉంటే ఈ షాపుకే వస్తాడు. ఎప్పుడూ కసురుకుని మాట్లాడడు. ఆ రోజు మరీ నవ్వుతూ వచ్చాడు.

"శానా బాగ రాసినావుమ్మా" అన్నాడు కూర్చోకుండానే. "ఎనిమిదేండ్ల నుంచి మేము నోరు నొప్పిపుట్టేట్టు చెప్పినా ఎవురూ ఇనుకోలే. ఇప్పుడు పత్రికోళ్లే రాసినారు."

ఫోను తీసి వీధిగుమ్మం పేజీ చూపించి, దాన్ని రంగుల్లో ఇరవై కాపీలు తీయమన్నాడు. శుక్రవారం క్వారీ దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. గుట్ట అవతలి పక్కకు కూడా క్వారీ పెంచుకోవడానికి అనుమతి అడుగుతున్నారు. కడప నుంచి అధికారి వచ్చి ఊరివాళ్లు ఏమంటారో వింటాడు. గుట్ట కింది పల్లెలవాళ్లు ఇదివరకే ఒక మనిషి పోయాడని అడ్డం తిరుగుతారని కేశవయ్యకు తెలుసు. అందుకే ఈ కాగితాలు.

దిల్షాద్‌కు విషయం అప్పుడు పూర్తిగా అర్థమైంది. తన పేరుతో ఉన్న కాగితం శుక్రవారం గిడ్డమ్మ మొగుణ్ణి రెండోసారి కంచె బయటికి ఈడ్చుకుపోయి పడేస్తుంది.

"తీయను" అంది.

"ఎందుకుమ్మా?"

"అది అబద్ధం. నేను రాసింది అది కాదు."

కేశవయ్య ఫోను ఆమె వైపు తిప్పి, పేజీ అడుగున వేలిగోరు ఆనించాడు. "నీ పేరే ఉండాది గదమ్మా. నీ బ్లాగు పేరు గూడా ఉండాది." ఆ మాట చాలా మర్యాదగా అన్నాడు. తర్వాత, సరేలే పక్కన తీయించుకుంటానని బయటికి వెళ్లాడు. పక్కది ఫోటో స్టూడియో. రెండు షాపులకూ మధ్య ఒక్క ఇటుక గోడే. కాసేపటికి గోడకవతల ప్రింటరు కదిలి, ఒక్కొక్క కాగితం బయటికి తోస్తున్న చప్పుడు వినిపించింది. దిల్షాద్ ఆ చప్పుడు అయిపోయేదాకా అక్కడే నిలబడింది. అయాజ్ ఏదో అనబోతే చెయ్యెత్తి వద్దంది.

చప్పుడు ఆగగానే వీధిగుమ్మం సంపాదకుడికి ఫోను చేసింది. ఆయన పేరు రాఘవేంద్రప్రసాద్. మూడోసారికి ఎత్తాడు. తనెవరో ఆమె చెప్పగానే ఆయన గొంతులో ఉత్సాహం వచ్చింది.

"మీ వ్యాసం ఈ వారం మా సైటులో మొదటి స్థానంలో ఉంది మేడమ్. మీ బ్లాగుకు కూడా బాగా వస్తున్నారా జనం?"

మీరు రాసింది నేను పంపింది కాదు, ఆయన క్వారీలో చనిపోయాడు, వెంటనే సరిదిద్దండి అని ఆమె చెప్పింది. ఆయన ఓపికగానే విన్నాడు. ఇట్లాంటివి చాలాసార్లు విన్న ఓపిక అది. మీ రచన చాలా బాగుందన్నాడు. కానీ పాఠకుడు ముందు గుమ్మంలోకి రావాలి గదా అన్నాడు. రాయలసీమ అనగానే అతని మనసులో ఒక బొమ్మ ఉంటుందని, ఆ బొమ్మ చూపించి లోపలికి పిలుస్తామని, వచ్చాక మిగతాది చదువుతాడని చెప్పాడు.

"ఆ బొమ్మలో మా అక్క మొగుడు లేడు సార్."

"క్వారీలో కూలీ చచ్చిపోయాడని పెడితే ఎవరు చూస్తారు మేడమ్? రోజూ పోయేవాళ్లే గదా."

 తర్వాత ఆ కాగితాన్ని క్వారీవాళ్లు దేనికి వాడుకోబోతున్నారో చెప్పింది. అది మా పరిధిలో లేదన్నాడు ఆయన. ఎడిట్ చేసే హక్కు మాదని మీరు పంపేటప్పుడే ఒప్పుకున్నారన్నాడు. ఆ మీదట గొంతు మార్చి, సీమ కథలు నెలకొకటి ఇదే పద్ధతిలో ఇస్తే శీర్షిక పెడతామన్నాడు. ఆమె వద్దంది. మా లింకు కోసం ఎంతమంది తిరుగుతుంటారో మీకు తెలియదన్నాడు.

"ఇంత బాధగా ఉంటే మీ లింకు తీసేయమంటారా?"

అది బెదిరింపని ఆమెకు తెలుసు. "తీసేయండి సార్. నా పేరు గూడా తీసేయండి" అంది.

మధ్యాహ్నానికి లింకు పోయింది. పేరు మాత్రం అట్లాగే ఉంది.

గిడ్డమ్మ బండి బుధవారం మళ్లీ వచ్చింది. దోసెలు పోసింది గానీ ఒక్కసారి కూడా షాపు వైపు చూడలేదు. దిల్షాద్ పొద్దంతా చూసి, సాయంత్రం రద్దీ తగ్గాక రోడ్డు దాటి వెళ్లింది. గిడ్డమ్మ ఇటుకపెళ్లతో పెనం గీకుతోంది. మాడిన చెక్కులు లేచి ఆమె ముంజేతి మీద పడుతున్నాయి. దిల్షాద్ పలకరించలేదు. చెంబుతో నీళ్లు ముంచి పెనం మీద కొద్దికొద్దిగా పోయసాగింది. గిడ్డమ్మ వద్దనలేదు. పెనం నల్లగా తేలేదాకా ఇద్దరూ అట్లాగే పనిచేశారు.

తర్వాత దిల్షాద్ అంతా చెప్పింది. కేశవయ్య వచ్చింది, కాపీలు తీయించుకుంది, హైదరాబాదాయన అన్నది, శుక్రవారం జరగబోయేది. దేన్నీ దాచలేదు. జరిగింది జరిగినట్టు మళ్లీ రాస్తానని, అయితే ఈసారి అడక్కుండా ఒక్క అక్షరం కూడా బయటపెట్టనని చెప్పింది.

గిడ్డమ్మ పెనం దించి బండికి ఆనించింది. పైట చెంగుతో చేతులు తుడుచుకుంది.

"మొదుట్లో మా పేర్లు యాల రాయలేదు?" అని అడిగింది.

"నీకు ఇబ్బందయితాదని."

"అదే తప్పు చేసినావు." గిడ్డమ్మ ఇప్పుడు ఆమె మొహంలోకి చూసింది. "పేరు లేనోని మింద ఎవురైనా ఏమైనా రాస్తారు. బాంబులేసినాడంటారు, దొంగతనం చేసినాడంటారు. అడిగేదానికి యాడ పోతావు? ఇంత బతుకు బతికిన మనిషి. నాగన్న అని పెట్టు. నాగన్న పెండ్లాము గిడ్డమ్మ అని పెట్టు. ఊరు పెట్టు, గుట్ట పేరు పెట్టు. ఆ బొక్క పక్కన డ్రిల్లు ఎయ్యమన్యోని పేరు గూడా నేను జెప్తా, రాసుకో."

అక్కడే, బండి పక్కన బకెట్టు బోర్లించి కూర్చుని దిల్షాద్ రాసుకుంది. నాగన్న ఆ రోజు సద్దిలోకి ఏం పట్టుకుపోయాడో, ముందురోజు రాత్రి ఆ పేలని బొక్క గురించి ఏమన్నాడో, డ్రిల్లు పట్టీ పట్టీ అతని చేతులు అన్నం ముద్ద కలిపేటప్పుడు కూడా ఎట్లా వణికేవో గిడ్డమ్మ చెప్పింది. ఏడవలేదు. మధ్యలో ఒకటిరెండుసార్లు, అది కొట్టేయి, అట్లగాదు అని దిద్దింది. రాసింది మొత్తం చదివించుకుని విన్నది. విన్నాక సరేనంది.

ఆ సాయంత్రమే అది బ్లాగులో పెట్టింది. పైన అతని పేరే పెట్టింది. "కంకర క్వారీలో డ్రిల్లు పట్టిన నాగన్న ఎట్లా చనిపోయాడు." పెట్టి, తనకు తెలిసిన ఆ ముగ్గురు బ్లాగర్లకూ రాసింది. ఇది నా రచనను పొగడమని కాదు, ఒక మనిషి పేరు వెతికితే నిజం కనబడాలని, మీ పేజీల్లో ఈ లింకు ఆయన పేరుతోనే పెట్టండని అడిగింది. ఆలూరు టీచరు వెంటనే పెట్టాడు. కర్నూలు అతను పాత బస్సుల మధ్యలో క్వారీ సంగతి ఎట్లా కుదురుతుందని తటపటాయించి, కమలాపురం బస్టాండు ఫోటో ఒకటి వేసి దాని కింద పెట్టాడు. ప్రొద్దుటూరు ఆవిడ, నా పేజీలో వంటలే ఉంటాయమ్మా, గొడవలు వద్దని జవాబిచ్చింది. దిల్షాద్‌కు కోపమొచ్చింది గానీ ఆమెను ఇంకేమీ అడగలేదు. అయాజ్ ఆ లింకును డిపో కండక్టర్ల గ్రూపులో వేశాడు. స్కాన్ చేస్తే నేరుగా ఆ పేజీ తెరుచుకునే నల్లగళ్ల బొమ్మను అచ్చువేసి, లామినేషన్ చేసి తెస్తే, గిడ్డమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, మేకులు పూర్తిగా దిగేదాకా సుత్తితో కొట్టి బండి ముందుచెక్కకు తనే బిగించింది.

గురువారం గిరాకీ తక్కువగా ఉంది. పాత వ్యాసం కింద పోగుపడిన కామెంట్లు తుడిచేద్దామని దిల్షాద్ కూర్చుంది. వీధిగుమ్మం లింకు పట్టుకుని వచ్చినవాళ్లు రాసిపోయినవి, తను ఒప్పుకుంటే తప్ప బయటికి కనిపించనివి, మూడువందల పైచిలుకు ఉన్నాయి. మొదటి మాట చూడగానే ఏదేమిటో తెలిసిపోతోంది. పౌరుషం, కత్తి, పగ. ఒక్కొక్కటీ చదవకుండా టిక్కు పెట్టి, పేజీకి పేజీ తుడిచేస్తోంది. మనుషుల్ని మొహం మీదే తలుపేసి పంపిస్తున్నట్టుగా ఉంది ఆమెకు. అది బాగానే ఉంది.

ఒకటి "సిగ్గుండాల రాసేదానికి" అని మొదలైంది. దానికీ టిక్కు పెట్టింది. తుడిచే బటన్ మీదికి పోయిన చెయ్యి ఎందుకో ఆగింది. మిగతావాళ్లెవరూ ఇక్కడివాళ్ల మాదిరి రాయలేదు.

"సిగ్గుండాల రాసేదానికి. ఆ సైటులో నీ పేరు జూసి తిట్టేదానికే వచ్చినా. ఈడ సదివితే నువ్వు సరిగ్గనే రాసినావు. మల్ల ఆడ ఎందుకట్ల ఉండాది? ఆయప్ప బాంబులోడు కాదు. ఆ పొద్దు కంప్రెసర్ కాడ నేనుండా. పేలని బొక్క ఉండాదని మేస్త్రికి చెప్పింది నేనే." కింద అయ్యన్న అనే పేరు, కువైట్ ఫోను నంబరు.

దిల్షాద్ కుర్చీ వెనక్కి పడిపోయేట్టు లేచింది. రోడ్డవతలికి పోయి గిడ్డమ్మను చెయ్యిపట్టి తీసుకొచ్చింది. అయాజ్ ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. అయ్యన్న అక్కడ ట్యాంకరు నడుపుతున్నాడు. గిడ్డమ్మ గొంతు వినగానే, అక్కా, నన్ను తిట్టు అన్నాడు. ఆమె తిట్టలేదు. ఏం జూసినావో చెప్పు అంది. చెప్పాడు. నాగన్నను ట్రాక్టరులో వేసుకుని కంచె దాటించారు. అతని సద్దిసంచిలో రెండు మందుకడ్డీలు పెట్టింది అయ్యన్న కళ్లారా చూశాడు. నోరెత్తితే నీ సంచిలోనూ దొరుకుతాయన్నారు. రెండు నెలలు తిరక్కుండానే దేశం దాటిపోయాడు.

ఇదంతా నీ పేరుతో రాయొచ్చునా అని దిల్షాద్ అడిగింది. అతను ఆలోచించాడు. అవతల బండ్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఆయప్ప పేరు పెట్టినారు గదా" అన్నాడు. "నాది గూడా పెట్టండి." ఆ రాత్రే దిల్షాద్ అతను చెప్పిందంతా అతని పేరుతో నాగన్న పేజీలో చేర్చింది.

శుక్రవారం గుట్ట కింద షామియానా వేశారు. బల్ల వెనక కడప నుంచి వచ్చిన అధికారి, ఒక పక్క కుర్చీల్లో క్వారీవాళ్లు, ముందు పట్టల మీద కింది పల్లెలవాళ్లు. ఇళ్లు అదురుతున్నాయని, దుమ్ముకు శనగ పైరు పూత నిలవట్లేదని వాళ్లు చెప్పారు. ఒకాయన నాగన్న మాట ఎత్తాడు. కేశవయ్య లేచి, రంగుల కాగితాలు పంచి, ఒకటి అధికారి ముందు పెట్టాడు. ఆ చావుకూ క్వారీకీ సంబంధం లేదని, అది బాంబుల వ్యవహారమని, పేరున్న పత్రికే రాసిందని, రాసింది కూడా ఈ ఊరి ఆడమనిషేనని చెప్పాడు.

దిల్షాద్ లేచి, ఆ ఆడమనిషిని నేనే, అందులో ఉన్నది నేను రాసింది కాదని చెప్పింది. క్వారీవాళ్ల వైపు నుంచి ఎవరో, ఇప్పుడు మాట మారిస్తే ఎట్లమ్మా అన్నారు. కొందరు నవ్వారు. ఆమె కూర్చోలేదు. 

అధికారి రంగుల కాగితాన్ని తిప్పి తిప్పి చదివాడు. "ఇది నాగన్న గురించేనని ఎట్లా చెప్తారు? ఇందులో పేరే లేదు గదా" అన్నాడు కేశవయ్యతో. కేశవయ్య, దోసెల బండి, బస్టాండు, అంతా ఆమేనండి అని ఏదో చెప్పబోయాడు. అధికారి తన ఫోను తీసి, బొటనవేలితో మెల్లగా టైపు చేశాడు. షామియానా గుడ్డ గాలికి టపటప కొట్టుకోవడం తప్ప వేరే చప్పుడు లేదు. నాగన్న పేరూ, క్వారీ ఊరూ కొడితే ఆయనకు ముందు వచ్చింది వీధిగుమ్మం కాదు. పేరు లేని కథ ఆ పేరుకు ఎట్లా వస్తుంది? వచ్చింది దిల్షాద్ పేజీ. ఆయన దాన్ని చివరిదాకా చదివాడు. అయ్యన్న చెప్పినచోట ఆగి, ఈ మనిషి నంబరుందా అని అడిగాడు. దిల్షాద్ చెప్పింది. కేశవయ్య వక్క నమలడం ఆపాడు.

అప్పుడు గిడ్డమ్మ లేచింది. చెప్పాల్సింది ఎవరూ అడక్కుండానే చెప్పింది. మొగుడి పేరుతో మొదలుపెట్టి, డ్రిల్లు వేయమన్న మేస్త్రి పేరుతో ముగించింది.

పాత చావును తేల్చేది తను కాదని అధికారి అన్నాడు. అయితే ఇవన్నీ నమోదు చేస్తున్నానని, దాని మీద విచారణ జరిగేదాకా క్వారీ పెంచే అనుమతికి తను సిఫారసు చేయనని చెప్పి లేచాడు. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కేశవయ్య, పంచిన కాగితాలను పట్టల మీదినుంచి ఒక్కొక్కటిగా ఏరుకున్నాడు.

ఆటో కోసం రోడ్డు మీదికి నడిచేటప్పుడు దిల్షాద్ ఫోను మోగింది. రాఘవేంద్రప్రసాద్. నాగన్న వ్యాసం ఇప్పుడే చూశానన్నాడు. కువైట్ సాక్షి అద్భుతంగా ఉందన్నాడు. మీ లింకు మళ్లీ పెడతాం, పెద్దగా పెడతాం, ఇది మాకు ఇవ్వండి, శీర్షిక ఒక్కటి మేము చూసుకుంటామన్నాడు.

దిల్షాద్ నడక ఆపింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటలను ఆపుకుని, "అది నాది కాదు సార్. ఎవరిదో ఆమెనే అడగండి" అని ఫోను గిడ్డమ్మ చేతికిచ్చింది. ఎవరని గిడ్డమ్మ కళ్లతో అడిగింది. బొమ్మ పెట్టినాయన అని దిల్షాద్ చెప్పింది.

గిడ్డమ్మ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. అవతలి మనిషి చాలాసేపు మాట్లాడాడు. ఆమె అడ్డుపడకుండా విన్నది.

"అయిపోయిందా?" అని అడిగింది. "నీ పేరేందబ్బా? మీ నాయన పేరు?"

చెప్పినట్టున్నాడు. ఆమె తలూపింది.

"ఏ ఊరు మీది?"

కొంచెం ఆలస్యమైంది. పక్కన నిలబడిన దిల్షాద్‌కు కూడా ఆ జవాబు వినిపించింది. ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా ఆమె అతని నోట వినని సీమ యాసలో, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు, "కోడుమూరు కాడ పల్లె, పెద్దమ్మా. మా నాయన ఇప్పటికీ ఆడనే ఉండాడు" అన్నాడు.

గిడ్డమ్మ దిల్షాద్ వైపు చూసింది. తర్వాత మళ్లీ ఫోనులో, కసురు లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"అట్లనా. మీ నాయన ఎన్ని బాంబులేసినాడబ్బా?"

ఆటో వచ్చి ఆగింది. గిడ్డమ్మ ఎక్కలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, జవాబు కోసం నిలబడింది.